మా ఆయన నిలబెట్టిన ఊరు

పొద్దుగాల ఎనిమిదింటికి అల్ కుసైస్ నుంచి బయలెల్లినం. నేను విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చి మూడు వారాలైంది. మా చిన్నమ్మ బిడ్డ ఇంట్ల దిగిన. మా ఆయన మేస్త్రి, ఉండేది క్యాంపుల. సెలవు ఆదివారం ఒక్కటే. ఎత్తు బిల్డింగులన్నీ తిప్పి చూపిచ్చిండు గని, "వీటిల్ల నువ్వు కట్టింది ఏది?" అంటే నవ్వేటోడు.

"అది ఇక్కడ లేదు. రాస్ అల్ ఖైమా దిక్కు సముద్రం ఒడ్డుకు జజీరా అల్ హమ్రా అని ఒక పాత ఊరుంది. ఎన్నడో ఇడిచిపెట్టి పోయిన ఇండ్లు. మేం మళ్ల నిలబెట్టినం" అన్నడు. పని ఒడిసినంక తను గూడ మళ్ల అటు పోలేదట. ఆ మాట విన్న సంది నాకు ఎప్పుడెప్పుడు పోదుమా అనే!

మెట్రోల యూనియన్ స్టేషన్ దాక పోయి, బస్టాండుల చపాతీలు, టమాట తొక్కు తిని, రాస్ అల్ ఖైమా బస్సెక్కినం. బస్సుల తిననియ్యరు, మీరు గూడ ముందే తిని ఎక్కుండ్రి. నా పక్క సీట్ల ఒక నెల్లూరామె కూసున్నది. పేరు షమీమ్, అక్కడ ఒక అరబ్బోళ్ల ఇంట్ల వంట చేస్తదట.

"జజీరా అల్ హమ్రాకా? అక్కడేముందమ్మా, పాడుబడ్డ కొంపలు! జిన్నులు తిరుగుతాయంట" అన్నది.

మా ఆయన వెనక సీట్ల నుంచి ముందుకు వంగిండు. "రెండేండ్లు పనిచేసిన చెల్లే. ఒక్క జిన్ను గూడ తట్టెడు మట్టి అందియ్యలే."

బస్సు దిగి టాక్సీ పట్టుకొని ఊరు చేరేసరికి ఎండ హాయిగ ఉన్నది. ఇసుక గల్లీలు. గోడలల్ల సముద్రపు రాళ్లు, రాళ్ల నడుమ గవ్వలు. కప్పులకు ఈత మొద్దులసొంటి ఖర్జూర దూలాలు, వాటి మీద చాపలు. నేను చెప్పులు చేతవట్టుకొని చిన్నపోరి లెక్క ఒక ఇంట్లకెళ్లి ఇంకో ఇంట్లకు ఉరికిన. "ఇదా? ఇదా నువ్వు కట్టింది?" "ఇది పంజాబోళ్లది. అగో, ఆ మూల మాది."

ఆయన అసలు చూపియ్యాలన్నది, మీది గాలిని గదిలకు దింపే గోపురమున్న ఇల్లు. తీరా పోతే తలుపుకు తాళం. కావలాయన "ఇంటి మాలిక్‌లు లేరు, బంద్" అన్నడు. మా ఆయన మొఖం చిన్నబోయింది. "ఖలాస్. నడువు" అన్నడు.

అంతల ఒక కారొచ్చి ఆగింది. ఒక అరబ్బు పిలగాడు, చక్రాల కుర్చీల వాళ్ల నానమ్మ. ఆమె పెండ్లయి వచ్చిన ఇల్లట. పిలగాడు తాళం తీసిండు. కుర్చీ ఇసుకల దిగవడ్డది. మా ఆయన ఒక దిక్కు, పిలగాడు ఒక దిక్కు పట్టి గడప దాటిచ్చిండ్రు. ఎన్కటోళ్లల్ల హిందీ బాగ వచ్చినోళ్లు ఉంటరట, ఆమె అసొంటిదే. ఈ గోడలు పెట్టినోళ్లల్ల మా ఆయన ఒకడని విని పైనుంచి కింది దాక చూసింది. తర్వాత గోడ మీద చెయ్యి పెట్టి, చుట్టు చూసి అన్నది:

"ఇది మా ఇల్లు కాదు. అంతా కొత్తగున్నది."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మా ఆయన ఏమనుకున్నడో, గోపురం కింద చెక్కలతోటి మూసిన కిటికీ దగ్గరికి పోయి, పిలగాన్ని అడిగి, చెక్కలు ఒక్కొక్కటే తీసిండు.

గాలి దిగింది. మీదికెల్లి, సముద్రం వాసనతోటి, గదినిండ.

ముసలామె కండ్లు మూసుకున్నది. "హా... యహీ. యహీ మేరా ఘర్" అన్నది. ఇంక నవ్వుడే నవ్వుడు! "కూసోండ్రి, మా ఇంటికొచ్చి నిలబడే పోతరా?" అని చాప పరిపిచ్చింది. పిలగాడు కార్లకెల్లి ఖర్జూరాలు, గహ్వా కాఫీ తెచ్చిండు. ఎండకాలమంత మొగోళ్లు ముత్యాలకు సముద్రం మీదికి పోతే, ఆడోళ్లు ఈ గాలి కిందనే పండేటోళ్లట.

"నీ మనిషి ఇక్కడికొచ్చి ఎన్నేండ్లు?" అని నన్నడిగింది.

"పదకొండు."

"మావోళ్లు నాలుగు నెలలు పోతెనే నాకు పానం కొట్టుకునేది. నువ్వెట్ల ఉన్నవే?"

జవాబుకు ఆగలే ఆమె. నా చెయ్యి ఇడవకుండ పట్టుకున్నది.

పోవాలనుకునేటోళ్లు చలికాలం పొండ్రి, నీళ్లు పట్టుకపొండ్రి. ఎత్తు బిల్డింగుల కింద నిలబడితే నాకు మెడ నొచ్చింది. ఈ ఇండ్లల్ల మాత్రం ఇంటికొచ్చినట్టే అనిపిచ్చింది.

వాపసు బస్సుల మా ఆయన పక్కకే కూసున్న. ఇన్నేండ్లు ఫోన్ల "తిన్నవా, పిల్లలు తిన్నరా" తప్ప మాట్లాడనోడు, మట్టి ఎట్ల కలిపిండ్రో, దూలాలు ఎట్ల ఎక్కిచ్చిండ్రో, ఒకటే చెప్పుడు. యూనియన్ వచ్చేసరికి ఇంక రెండో గది గోడ దగ్గరనే ఉన్నడు. అందరు దిగుతుంటె టక్కున ఆపిండు.

"ఆపకు" అన్న. "నడుసుకుంట చెప్పు."