డ్రైవర్ గారి ఓపెనింగు

యానాంకు ఎగువన, గోదావరి పాయ ఒడ్డునున్న తుఫాను షెల్టర్‌కు మా వరద సహాయక దళం మధ్యాహ్నం మూడు గంటలకు చేరింది. వాన వెలిసింది. మోకాలి లోతు బురద. సామగ్రి: రెండు పడవలు, తాళ్లు, వైర్‌లెస్ సెట్టు, వంటపాత్రలు. వారానికల్లా వరద తీసింది, జనం ఇళ్లకు వెళ్లారు. మాకు మాత్రం ఒకటే ఉత్తర్వు: మళ్లీ చెప్పేవరకు కదలవద్దు.

సెల్ టవర్ పడిపోయింది. అవతలి ఒడ్డున మా రెండో దళం. వారితో వైర్‌లెస్‌లో చదరంగం మొదలైంది. నేను లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాను. ఎవరూ చదవలేదు.

మా ఆపరేటరుది భీమవరం. ఓపెనింగులను, అంటే ఆట ఆరంభపు ఎత్తుల వరుసలను, అట్టముక్కల మీద రాసి బిస్కట్ డబ్బాలో పెట్టేవాడు. పేర్లు చూసి నాకు ఒళ్లు మండింది. ‘డ్రైవర్ గారిది.’ ‘వంటాయనది.’ ఏ వరుసలో ఎవరు మొదట ఓడితే దానికి వారి పేరు.

“గుర్తుంటుందండి. డ్రైవర్ గారు ఎలా పోయారో అందరం చూశాం కదండీ,” అన్నాడు.

నేను హవల్దారును; దళం రికార్డులు నా బాధ్యత. నా పెట్టెలోని చదరంగం పుస్తకంతో సరిచూసి, ప్రతి వరుసకు అసలు పేరు గుర్తించి, అక్షరక్రమంలో కొత్త అట్టలు రాశాను. ఇటాలియన్. టూ నైట్స్, అంటే రెండు గుర్రాలు; డ్రైవరు ఓడింది ఇందులోనే. ఫ్రెంచ్. సిసిలియన్. పాత అట్టల వెనుక ‘ఇక్కడ గుర్రంతో కొట్టొద్దు, బాబూ’ వంటి రాతలుండేవి. అవి రికార్డుకు తగవు. తొలగించాను.

అప్పుడే అవతలివారు పందెం కట్టారు: ఓడిన దళం తన వంటవాడిని అప్పగించి, గెలిచినవారి వంటవాడిని తీసుకోవాలి. మా వంటాయన రొయ్యల ఇగురు కోసం వారు ఏనాటినుంచో కన్నేసి ఉన్నారు. వారి వంటవాడికి ఉప్మా తప్ప రాదు.

“పేర్లు పెట్టింది మీరే. ఆడేదీ మీరే,” అన్నారు మా దళాధిపతి సుబేదారు గారు.

ఐదో ఎత్తు. వారి బంటు నా గుర్రానికి అందేచోట నిలిచింది.

“హవల్దార్ గారూ, ఇది డ్రైవర్ గారు పోయిన దారండి,” అన్నాడు ఆపరేటరు.

“ఆ పేరు రికార్డులో లేదు. గుర్రంతో కొట్టానని చెప్పు.”

సెట్టు కాసేపు గరగరమంది. “ఎఫ్ ఏడు గడిలో, మీ రాజు పక్కనే, మా గుర్రం. మీ వంటాయన్ని గరిటె సర్దుకోమనండి. ఓవర్.”

దాన్ని కొట్టక తప్పక నా రాజు నడి బోర్డులోకి ఈడ్వబడ్డాడు. ఆట అక్కడే తేలిపోయింది.

“ఆ అట్టకిక మీ పేరేనండి,” అన్నాడు డ్రైవరు వెనుకనుంచి.

“మొదట ఓడింది నువ్వు.”

“నా పేరు రికార్డులో లేదన్నారు కదండీ.”

ఎవరూ నవ్వు ఆపుకోలేదు.

ఉప్మాతోనే మిగిలిన విధి పూర్తిచేసి, సామర్లకోటలో రైలెక్కి తిరిగి వచ్చాను. ఆ ఓపెనింగు పేరు టూ నైట్స్ అని నేటికీ నా వాదన. కానీ కళ్లు మూసుకుంటే అవతలి ఒడ్డుకు సాగిన ఆ పడవే కనబడుతుంది: వంటాయన మోకాళ్ల మధ్య ఇగురు గిన్నె, చేతిలో గరిటె, నీటి మీదుగా ఆయన మాట. “వస్తానండి. పొయ్యి మీద చారు ఉంచాను.”