గాలానికి కంటి పరీక్ష

కళ్ళద్దాల బాబాయికి లోకంలో ఏదైనా ఇట్టే నచ్చేస్తుంది, గాలం తప్ప. పిన్నితో పెళ్ళికి సరే అనడానికి ఆయనకి పట్టింది పావుగంటట. గోరంత లేని గాలానికి సరే అనడానికి మాత్రం ఒక్కోసారి నెల. ఈ మాట పిన్నే చెబుతుంది, అదీ నవ్వకుండా.

ఆయన కళ్ళద్దాల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునేది ఆయన అన్న కూతురు. బాబాయి పిలిచినట్టే మనమూ అమ్మడు అందాం. బేరాల్లేని కొట్లలో మనుషులు ఈగలు తోలుకుంటారు. బాబాయి ఒక్కడే ఈగలు కట్టుకుంటాడు. గాలానికి దారం చుట్టి, కోడిపుంజు మెడ ఈక మెలిపెట్టి, నీళ్ళ మీద తేలే దొంగ ఈగను తయారుచేస్తాడు. చేప దాన్ని నిజం ఈగ అనుకుని పైకొచ్చి నోరు తెరవాలి. ఓసారి బల్ల మీద ఆరబెట్టిన ఈగ మీదకి గోడ మీది బల్లి ఒక్క దూకు దూకింది. అమ్మడు నోరెళ్ళబెట్టింది. బాబాయి మాత్రం, "బల్లికేం తెలుసు? గాలం బరువెక్కువైంది," అని ఆ ఈగని విప్పేశాడు.

ఆయన బాధంతా బరువే. గాలం తీగ లావైతే ఈగ మునుగుతుంది. మరీ సన్నమైతే చేప లాగగానే గాలం సాగిపోతుంది. అందుకని వంద గాలాల డబ్బా తెరిస్తే వందా పరీక్షకి కూర్చోవలసిందే. ముందు బొటనవేలి గోటి మీద ఆనించి లాగుతాడు, జారిందా ఫెయిలు. తరవాత చెవి దగ్గర పెట్టి మీటుతాడు, ఏం వింటాడో ఆయనకే తెలియాలి. ఆఖరికి ఈగ కట్టి గ్లాసులో నీళ్ళ మీద వదిలి, గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంటాడు. ఆ ఇంట్లో ఎంత దాహమేసినా లోపలికి తొంగి చూడకుండా ఎవరూ గ్లాసెత్తరు.

"ఎన్ని పాసయ్యాయి బాబాయ్?"

"రెండు. అందులో ఒకదాని మీద అనుమానం."

బాబాయికి ప్రాణస్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళు రైలు నడిపాడు కాబట్టి అందరికీ ఇంజన్ మావయ్య. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ ఏటి ఒడ్డున ఉండాలి, ఒకరినొకరు తిట్టుకోవాలి. అలాంటి మనిషి నాలుగు వారాలు వరసగా రాలేదు. అయిదో వారం తన గాలం కర్ర తెచ్చి కొట్లో బల్ల మీద పడేశాడు.

"ఇది నువ్వే ఉంచుకో. నాకు చేపలంటే విసుగొచ్చేసింది."

"నీకా? విసుగా?"

"ఏం, నాకు రాకూడదా?" అని అరిచి వెళ్ళిపోయాడు. ఆ పూట బాబాయి టీ అలాగే చల్లారిపోయింది.

వెనకాలే వెళ్ళి బతిమాలతాడనుకుంది అమ్మడు. అబ్బే! కొత్త గాలాల డబ్బా తెరిచాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కంటి పరీక్షకి వాడే గుండ్రటి ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టుకుని, అందులో మసక అద్దాలు దోపుకుని, గాలం బెజ్జంలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎక్కదు. గాలం అవతల పారేస్తాడు. ఇంకోటి తీస్తాడు. రోజూ ఇదే వరస. కళ్ళు చూపించుకుందామని వచ్చిన ఒక టీచరమ్మ ఆ తంటాలన్నీ చూసి, "ఈయనకే కనబడకపోతే నాకేం చూస్తాడమ్మా?" అని చక్కా వెళ్ళిపోయింది.

"పరువు పోతోంది బాబాయ్!"

"పరువుకేం, బరువు లేదు, తేలుతుంది."

"మతి పోతే పోయింది, పోతూ పోతూ ఆ గాలాలు కూడా పట్టుకుపోకూడదూ!" అంది పిన్ని.

అమ్మడికి ఒళ్ళు మండింది. "అక్కడ మావయ్య ఏటికే రానంటే, నువ్విక్కడ గాలాలు ఏరుకుంటున్నావా? అసలు నీకు మనసుందా?"

బాబాయి డబ్బాలోంచి ఇంకో గాలం తీశాడు.

ఈ తంటా మొదలైన తొమ్మిదో వారంలో ఓ మధ్యాహ్నం "దొరికింది!" అని కేక వినబడింది. గాలం చూస్తే చిన్నది. దాని మొహం మాత్రం అంతా బెజ్జమే. బాబాయి ఫ్రేము తీసి అమ్మడి ముక్కు మీద పెట్టాడు. కొట్టంతా ఆవిరి పట్టినట్టయిపోయింది. పాత గాలంతో నాలుగుసార్లు వేలు పొడుచుకుంది. కొత్తదానికి రెండోసారికే దారం ఎక్కింది.

"బెజ్జం పెద్దదైతే మూతి బరువై ఈగ మునుగుతుంది. ఇది మునగలేదమ్మడూ! పదిహేడు రకాలు చూశాను."

అమ్మడు ఆ అద్దాలతోనే గోడ మీది అక్షరాల చార్టు వైపు తిరిగింది. మూడో వరస దాకానే కనబడింది. మూడో వరస దగ్గర ఆగిపోయిన కంటి పరీక్ష కార్డు ఒకటి ఆ మధ్య తన చేత్తోనే రాసింది. పైన ఇంజన్ మావయ్య పేరు.

"మావయ్యకి... ఇలా కనబడుతోందా?"

"ఇంక అద్దాలు మార్చి లాభం లేదన్నాడు డాక్టరు. చూపు ఇంతకన్నా తగ్గదు కూడా అన్నాడు, అదొక్కటి నయం. దారం ఎక్కక మానేశాడు వాడు. నేనెక్కిస్తానంటే ఆ కర్రతోనే కొడతాడు."

"మరి నీళ్ళ మీద ఈగ ఎలా కనబడుతుంది?"

"కనబడక్కర్లేదు. పైన తేలితే చేప ఎగిరిన చప్పుడు వినబడుతుంది. అందుకే తేలాలి."

తొమ్మిది వారాలు! ఈ మనిషి తన కళ్ళు పక్కన పెట్టి స్నేహితుడి కళ్ళతో చూశాడు. "నువ్వు మామూలు మనిషివి కాదు బాబాయ్!"

"మీ పిన్ని రోజూ అనేదేగా."

శనివారం ఇంజన్ మావయ్యకి కబురెళ్ళింది: "నీ కర్రకి నా కొట్లో చోటు లేదు. ఏటి దగ్గర పడేస్తా, వచ్చి తీసుకుపో." ఆదివారం పొద్దున్నే మావయ్య బుసలు కొడుతూ దిగాడు. బాబాయి కొత్త గాలాలకి కట్టిన ఈగల డబ్బా తెరిచి, "ఎలాగూ వచ్చావు, ఏదో ఒకటి కట్టుకో," అని అటు తిరిగి కూర్చున్నాడు.

మావయ్య గాలాన్ని ఆకాశానికి పట్టి చూశాడు. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి దారం అవతలికి వచ్చింది. నమ్మకం లేక మావయ్య దాన్ని వేళ్ళతో పట్టి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. తరవాత గొంతు సవరించుకుని బాబాయి వైపు చూశాడు. బాబాయి తన గాలంతో ఇంకా కుస్తీ పడుతున్నాడు. దారం పైన, బెజ్జం కింద.

"ఏమిట్రా, ఇంకా కాలేదా?"

"ఎక్కి చావట్లేదురా."

"ఊరందరి కళ్ళూ చూస్తావు, నీవి ఎవరికీ చూపించుకోవూ? ఇటు తే, నేనెక్కిస్తా."

"కాస్త పుణ్యముంటుంది," అని బాబాయి దారం, గాలం రెండూ బుద్ధిగా ఆయన చేతిలో పెట్టాడు.