పల్లీలక్క రక్తంలో గీత

అలర్జీ పరిశోధనశాలలో వేరుశనగలు రుబ్బే ఆవిడను అందరూ పల్లీలక్క అంటారు. రుబ్బడమంటే వంటకనుకునేరు. గింజల్ని పొడిచేసి, నూనె తీసేసి, మిగిలిన ప్రొటీన్లను ఉప్పునీళ్లలోకి దింపి, జిగురు పలకలో కరెంటు పెట్టి సైజుల వారీగా విడగొడుతుంది. ఆ వరుసను కాగితంలాంటి పొర మీదికి ఎక్కించి, అలర్జీ ఉన్నవాళ్ల రక్తపు తేట పోస్తారు. ఏ ప్రొటీన్ దగ్గర నల్లగీత తేలితే అదే దొంగ.

పక్కనే ఎప్పుడూ ఇంకో పొర ఉంటుంది. అలర్జీ లేని మనిషి రక్తం దాని మీద పోస్తారు. అది తెల్లగా మిగలాలి, లేకపోతే ఏ గీతనూ నమ్మడానికి లేదు. ఏళ్ల తరబడి ఆ రక్తం పల్లీలక్కదే. విజ్ఞానం కోసం త్యాగమంటూ వార్షికోత్సవంలో శాలువా కప్పారు గానీ, ఆమె రక్తం ఇచ్చింది సూది గుచ్చిన పూట దొరికే సెలవు కోసం.

ఒకరోజు ఆ తెల్లపొర మీద గీత పడింది. ల్యాబు నడిపే పెద్దసారు కొత్త రక్తం తీయించి మళ్లీ చేయించాడు. మళ్లీ గీత.

"అమ్మా, నీకు పల్లీల అలర్జీ."

"ఇప్పుడే గుప్పెడు తినొచ్చాను సార్."

"అది నీ అనుభవం. ఇది సాక్ష్యం."

సాయంత్రానికి భద్రతాధికారి దిగాడు. "రుబ్బుడు గదిలోకి రావద్దమ్మా. పొడి లేస్తుంది, ప్రాణం మీదికొస్తుంది."

"మరి క్యాంటీన్లో తినొచ్చా?"

"క్యాంటీన్ నా పరిధిలో లేదు."

గది తాళంచెవి లాక్కుని ఆమెను గాజుసీసాలు కడగడానికి వేశాడు. నెలాఖరులోగా ఏదీ తేలకపోతే ఆ గదికి కొత్త మనిషొస్తుందన్నాడు. పల్లీలు ఏనాడూ ఆమె గొంతుకు అడ్డం పడలేదు, ఈ మాట పడింది. ఆ గది, ఆ గ్రైండరు, లోపల తలుపేసుకుంటే ఎవరూ పిలవని ఆ మోత: ఉద్యోగమంటే ఆమెకు అంతే.

ఇంట్లో అత్తగారు చెంపలు నొక్కుకుంది. "అయ్యో, ఇన్నాళ్లూ నీది పొగరనుకున్నానే, జబ్బా!"

దర్జీ పని చేసే భర్త దీపం కింద పరీక్షగా చూశాడు. "మొహం ఉబ్బినట్టుందే."

"పెళ్లప్పటి నుంచీ ఇంతే. ఇప్పుడు చూశారా?"

చివరికి ఆమే ఆసుపత్రికి వెళ్లి తేల్చుకుంది. డాక్టరమ్మ ముందు పల్లీ పలుకులో ముక్క నోట్లో పెట్టింది, ఆగి పలుకు పెట్టింది, ఆగి ఇంకాసిని. పక్కన నర్సు ఇంజెక్షనుతో కాచుకుంది. ఉన్నట్టుండి పల్లీలక్క తుమ్మింది. భర్త కుర్చీ మీంచి లేచాడు, నర్సు సూదెత్తింది.

"దించమ్మా తల్లీ, దుమ్ము! ముందు ఆ కర్టెన్లు దులిపించండి."

పల్లీల గిన్నె ఖాళీ అయింది. ఒళ్లు దద్దురెక్కలేదు, ఊపిరి బిగియలేదు. ఇంకా ఉన్నాయా అనడిగింది.

"రక్తం గుర్తుపట్టినంత మాత్రాన ఒళ్లు తిరగబడాలని లేదు" అంది డాక్టరమ్మ. "పల్లీలో ఉండే ఒక ప్రొటీన్ లాంటిదే కొన్ని చెట్ల పుప్పొడిలోనూ ఉంది. పుప్పొడి మీద కొత్తగా పగబట్టిన రక్తం, పల్లీలో దాన్ని చూసి వాడి చుట్టమే అనుకుంటుంది."

ఈ మాట చెవిన పడగానే పెద్దసారు ల్యాబులోకి పరిగెత్తి ఆ పొర చూసుకున్నాడు. గీత సరిగ్గా ఆ ప్రొటీన్ దగ్గరే ఉంది, ప్రాణాంతకమైనవాటి దగ్గర ఖాళీ. ఆయనకు పండగైపోయింది.

"గీత ఉండీ తినగలిగే రక్తం! ఏ ప్రొటీన్ చంపుతుందో, ఏది ఉత్తుత్తినే బెదిరిస్తుందో దీంతో పోల్చి చెప్పొచ్చు. ఏదమ్మా, చెయ్యిటు పట్టు."

పల్లీలక్క చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "ముందు తాళంచెవి."

"రూల్స్ ప్రకారం కమిటీ..." అన్నాడు భద్రతాధికారి.

"ఇచ్చెయ్యవయ్యా, రక్తం ఇంటికెళ్లిపోతోంది!"

తాళంచెవి చేతికొచ్చింది. ఆమె లోపలికెళ్లి, కుడిచేత్తో గ్రైండరు వేసి, ఎడమచెయ్యి గుమ్మం బయటికి చాచింది. సూది గుచ్చినప్పుడు అబ్బా అందో లేదో, ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.