పెరిగే పిల్ల

మా అత్తగారింట్లో పిల్లల బట్టలు కొలతకు కొనరు. మా బావగారి కూతురి స్కూలు చొక్కా మొదటి ఏడాది మోకాళ్ల దాకా వేలాడుతుంది. పట్టులంగా అయితే కింద లోపలికి మడతలు వేసి కుట్టిస్తారు. ఆ పిల్ల పెరిగిన కొద్దీ మా అత్తమ్మ ఒక్కో మడత విప్పుతుంది.

నా కూతురి బట్టలు మాత్రం ఎప్పుడూ సరిగ్గా సరిపోయేవి. నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను. అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం.

పాపకు నడుము నిలవదు, మెడ కూడా అంతంత మాత్రమే. దూలపల్లి నుంచి మేడ్చల్‌కు ఫిజియోథెరపీ కోసం చంకనేసుకుని షేర్ ఆటోలో వెళ్తుంటే, ఇంత పెద్దపిల్లను ఇంకా ఎత్తుకుంటావా అని పక్కవాళ్లు నవ్వేవారు. తర్వాత పాప తల వాలిన తీరు చూసి నోరు మూసుకునేవారు. ఆ నవ్వే నయమనిపించేది.

ఇలాంటి పిల్లల కోసం బెల్టులు, తలకు ఆనుడు ఉన్న స్ట్రోలర్ తీసుకోమని థెరపిస్టు చెప్పింది. తుంటికీ కుర్చీ అంచుకూ మధ్య ఒక వేలు దూరాలి, అంతకు మించి సందు ఉండకూడదంటూ తన వేలు పెట్టి చూపించింది. నాకు ఒకటే ఆశ. ఈ బతుకమ్మకు నా కూతురు నా చంకలో కాదు, మిగతా పిల్లల మధ్య తలెత్తుకుని కూర్చోవాలి.

మా ఆయనకు డ్యూటీ. అత్తమ్మా నేనూ పాపను తీసుకుని మేడ్చల్ రోడ్డు మీది ఆసుపత్రి సామాన్ల దుకాణానికి వెళ్లాం. అలాంటి బండ్లు రెండు సైజుల్లో ఉన్నాయి. చిన్నదాంట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టగానే పాప వీపు నిటారుగా ఆనింది. కాసేపు కదలకుండా ఉండి, అద్దంలోంచి రోడ్డు మీద పోతున్న లారీని కళ్లతో వెంబడించింది. పెద్దదాంట్లో ఒక పక్కకు ఒరిగిపోయింది.

అత్తమ్మ రెండు బండ్ల చుట్టూ తిరిగి చూసింది.

“పెరిగే పిల్ల. గా చిన్నది ఏడాదికే ఇరుకైతది. పెద్దదే తీస్కో బిడ్డా.”

దుకాణం ఆయన కూడా అదే మంచిదన్నాడు. ఆయనకు ఏదైనా ఒకటే.

నా కూతురిని ఆ ఇంట్లో ఎవరూ, ఎన్నడూ పెరిగే పిల్ల అనలేదు. థెరపిస్టు వేలు నాకు గుర్తుంది. పాప ఒరిగిపోవడం కళ్ల ముందే ఉంది. అయినా ఆ మాటకు అడ్డు చెప్పడం నా వల్ల కాలేదు. పెద్దదే తీసుకున్నాం. ఇంటికొచ్చే దాకా ఆ మాటనే నెమరేసుకుంటూ కూర్చున్నాను.

సంబరం వారం కూడా నిలవలేదు. పాప బండిలో కిందికి జారిపోయేది, ఛాతీ మీద ఉండాల్సిన బెల్టు గొంతు దగ్గరికి వచ్చేది. కాళ్లు కింది పలకకు అందేవి కావు. దిండ్లు పెడితే దిండ్లతో సహా జారేది. థెరపిస్టు చూసి తలపట్టుకుంది.

“చొక్కా వదులైతే ఏం కాదండీ. బండి వదులైతే వెన్ను వంకర పోతుంది.”

దుకాణంలో వాపసు తీసుకోవడం కుదరదన్నారు. అత్తమ్మ మాత్రం పెరిగితే అదే సరిపోతుందిలే అంది.

ఆ మాట కూడా నమ్మేదాన్నే. పండుగకు ముందు ఆమె శామీర్‌పేటలో ఇద్దరు మనవరాళ్లకూ రెడీమేడ్ లంగాలు తెచ్చింది. బావగారి కూతురిది తిరగేసి చూశాను, అప్పటికే మూడు మడతలు కుట్టించింది. నా కూతురిది తిరగేశాను. కింద సన్నటి కుట్టు, అంతే.

“దీనికి మడతలు లేవేంది అత్తమ్మా?”

“దానికెందుకు బిడ్డా?” అని, నా మొహం చూసి ఆగింది. “లంగాదేముంది, మల్ల కొంటం. బండి మాటిమాటికి కొంటమా?”

ఆమె మనసులో చెడ్డతనం లేదు, అదే నాకు మింగుడు పడలేదు. బండ్ల దుకాణంలో విన్నది పెరుగుతుందన్న నమ్మకంతో అన్న మాట కాదు, మళ్లీ కొనాల్సి వస్తుందేమోనన్న జాగ్రత్త.

మర్నాడు శామీర్‌పేట వెళ్లి ఆ లంగా మార్చుకొచ్చాను. బట్టల దుకాణంలో మాత్రం మారు మాట్లాడకుండా మార్చారు. రెండు సైజులు పెద్దది తెచ్చి, లోపలికి మడతలు వేసి నా చేత్తో కుట్టాను.

బతుకమ్మ నాడు బండిని కూడా తోసుకుపోయాం. కాసేపటికే పాప జారిపోతుంటే తీసి చంకనేసుకున్నాను. ఖాళీ బండిలో ఎవరో తమ బతుకమ్మ పళ్లెం పెట్టి వెళ్లారు. అది అటూ ఇటూ ఒరగకుండా కుదురుగా కూర్చుంది.

పిల్లలంతా చప్పట్లు కొడుతూ మా ముందు నుంచి తిరుగుతున్నారు. అత్తమ్మ దగ్గరికి వచ్చి, పాప నడుము దగ్గర గుప్పెడు లంగా పట్టుకుని చూసింది.

“గింత వదులేంది? పిల్లకు గోనెసంచి తొడిగినట్టున్నది.”

“పెరిగే పిల్ల అత్తమ్మా” అన్నాను.

ఆమె చేతిలోని లంగా వదిలేసి ఆటలోకి వెళ్లిపోయింది.