పెద్దబాపు ఎడమ అరచెయ్యి

పోయిన నెల ఒక పొద్దున, సిరిసిల్లలో నా చిన్న బేకరీలో పఫ్‌ల కోసం పిండి పొరలు మడుస్తుంటే ఫోన్ వచ్చింది. జగిత్యాల ఆస్పత్రిలో మా పెద్దబాపు పోయాడు. మా నాయిన అన్న. నాకు బతుకుదెరువు నేర్పినవాడు. వెంటనే ఆయన ఊరు కోరుట్లకు బయలుదేరాను. చేతులకు పిండి అట్లాగే ఉందని వేములవాడ దాటాక గానీ చూసుకోలేదు.

మాది తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. పెద్దబాపు మాత్రం తాడెక్కే మోకు పక్కన పెట్టి గల్ఫ్‌కు పోయి, అక్కడ ఒక బేకరీలో ఏళ్ల తరబడి భట్టి ముందు నిలబడ్డాడు. తిరిగొచ్చి కోరుట్లలో సొంత భట్టి పెట్టుకున్నాడు. ఆయన ఖీమా పఫ్ కోసం మెట్‌పల్లి నుంచి కూడా వచ్చేవాళ్లు.

మా ఆయనకు బట్ట నేసే సాంచాల మీద పని తగ్గినప్పుడు నేను పెద్దబాపు దగ్గరకు పోయి పని నేర్పమన్నాను. ఖీమా వండటం వచ్చనే అనుకున్నాను. మన ఇళ్లల్లో ఎట్లా వండుతామో మీకు తెలుసు కదా, నీళ్లు ఇగిరి, నూనె తేలి, పొడిపొడిగా విడిపోయేదాకా గోలిస్తాం. నేనూ అట్లాగే చేసి మెప్పు కోసం నిలబడ్డాను. ఆయన చిటికెడు తీసి వేళ్ల మధ్య నుంచి రాల్చాడు.

"ఇసుకోలె ఉన్నది బిడ్డ. ఇంట్లనైతే పక్కన పులుసుంటది. పఫ్ లోపటికి పులుసెవలు పోస్తరు?"

అబద్ధమెందుకు, కోపమొచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ పది మందికి వండి పెట్టినదాన్ని. కానీ మర్నాడు ఆయన చేసింది చూసి నోరు మూసుకున్నాను. మేక కాళ్ల పాయ సన్నటి మంట మీద సగం పూటకు పైగా ఉడికించి రసం తీశాడు. ఖీమాను ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లితో రంగు మారేదాకా వేయించి, ఆ రసం పోసి మెత్తగా ఉడకనిచ్చి, ఇంకా తడి ఉండగానే దించాడు. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే పెరుగులా పేరుకుంది. ఆ ముద్దను పొరల మధ్య పెడితే పిండి నానదు. భట్టి వేడికి లోపలే కరిగి మళ్లీ రసమవుతుంది.

చల్లారేదాకా ఆగడం నావల్ల అయ్యేది కాదు. వేడి ఖీమా పెట్టి రెండు ట్రేలు పాడు చేశాను. ఆయన కసురుకోలేదు. అడుగు నానిపోయిన వాటిని తానూ తిని నాకూ తినిపించాడు. అంతకంటే పెద్ద తిట్టు నేనెక్కడా తినలేదు.

బాగుందని నోటితో అనే మనిషి కాదు. పఫ్ కొరికేటప్పుడు కొంచెం ముందుకు వంగి, గడ్డం కింద ఎడమ అరచెయ్యి పట్టేవాడు. రసం చుక్క పడితే చెయ్యి కండువాకు తుడుచుకొని పనిలో పడేవాడు. పడకపోతే పొడి చెయ్యి నా ముఖం ముందు చాపేవాడు. ఆ చెయ్యిని లోలోపల ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఇవాళ నా ఇల్లు నడుస్తున్నది ఆ చెయ్యి వల్లనే.

పోవడానికి నాలుగు రోజుల ముందు, నా చేతి పఫ్ తినాలని ఉందని పెద్దమ్మతో ఫోన్ చేయించాడు. ఆ రోజు పాయ రసం లేదు. అది ఉడికి, పేరుకునేదాకా ఆగితే మనిషి దక్కుతాడో లేదోనని భయం. నీళ్లు చిలకరించి ఖీమా వండి, పఫ్‌లు భట్టిలోంచి తీసినవి తీసినట్టే పట్టుకొని జగిత్యాల పోయాను. పెద్దమ్మ ఆయనను లేపి కూర్చోబెట్టింది. వణుకుతూనే ఎడమ చెయ్యి గడ్డం కిందికి వచ్చింది. కొరికాడు. ఏమీ పడలేదు. ఆ చెయ్యి నా ముందు చాపుతాడని చూస్తున్నాను. ఆయన మెల్లగా వేళ్లు ముడిచేశాడు.

"మంచిగున్నది బిడ్డ."

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట విన్నది అదొక్కసారే. వరండాలోకి పోయి గోడకు ఆనుకొని ఏడ్చాను.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడటం మా దగ్గరి పద్ధతి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కొరత మిగిలిందంటారు. ముందు రోజు పెద్దబాపు భట్టి దగ్గరే కూర్చొని పాయ ఉడికించాను. ఈసారి దేన్నీ తొందరపెట్టలేదు. అన్నం, మటన్ కూర, కల్లు పక్కన అప్పుడే కాల్చి తెచ్చిన నా పఫ్ పెట్టాను. ఇవన్నీ నేను పెద్దగా నమ్మేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం విస్తరి మీంచి చూపు తిప్పుకోలేదు.

చాలాసేపు ఏ పిట్టా రాలేదు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అస్తడు తియ్యి. సల్లారనియ్యి, ఆగు అని నీకు చెప్పినోడే గదా."

కాసేపటికి ఒక కాకి దిగింది. కూర వైపు, కల్లు వైపు చూడలేదు. పఫ్‌ను ముక్కుతో పొడిచి పొరలు చీల్చింది. లోపలి రసం విస్తరాకు మీదికి కారి, నడుమ అరచెయ్యంత పల్లంలో మెల్లగా నిలిచింది.