పిండారీ సర్దారు మొగిలి

గనిల మొదటి షిఫ్టు దిగి ఎంత తోముకున్నా మొగిలి కండ్ల చుట్టూ బొగ్గు కాటుకలెక్క నిలుస్తది. ఆ కండ్లను చూసే కాలనీ నాటకంల పిండారీల సర్దారు వేషం ఆయనకిచ్చిన్రు. ఊరిని దోచుకోను వచ్చిన దొంగల కథ, ఆదివారానికొక భాగం. నీళ్ల నల్లకాడ ఆడోళ్లు “ఊరు దక్కుతదా, బావా?” అని ఎంత గుచ్చి అడిగినా చెప్పేటోడు కాదు. మనిషి మెతక, కోడిని కొయ్యాలన్నా పక్కింటోళ్లను పిలుస్తడు. కానీ ఆయన నాటకంల మీసం దువ్వి నవ్విన నాటి నుంచి ఐదేండ్ల బిడ్డ కనకలచ్చి ఆయన చేతి అన్నం బుక్క ముట్టలేదు. “సర్దారూ, బిడ్డను గూడ బెదిరిస్తివి గదా!” అని పెండ్లాం మల్లక్క ఎగతాళి చేస్తే, నవ్వబోయి తల వంచుకునేటోడు.

కడపటి ఆదివారం, నాటకంల ఊరి తలుపు చాటున ఆడవేషగాళ్లు రోకండ్లు పట్టుకొని నక్కిన్రు. జనం ఊపిరి బిగబట్టిన్రు. “ఈ ఊర్ల నన్నాపే మొగోడేడి?” అని మొగిలి కత్తి తిప్పుకుంట అడుగేసిండు.

“బాపూ, పోకు! తలుపెన్క కొడ్తరు!” అని కనకలచ్చి ఏడ్చుకుంట అరిచింది.

జనం గొల్లున నవ్విన్రు. సర్దారు ఆగిండు. కత్తి దించి, “తెల్సు బిడ్డా, ఊరు బతకాలె గదా,” అని మెల్లగ చెప్పి, తలుపు తోసుకొని లోపలికి పోయిండు.