బావ తెచ్చిన ప్రోగ్రాం

మా మేనత్తది తిరువళ్లూరు, మాది తిరుత్తణి. అత్త కొడుక్కి నన్నివ్వాలని పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారు. ఆ మాట మా ఇద్దరి మధ్య ఏనాడూ రాలేదు. రావలసిన పని లేదనుకున్నాను.

అప్పటికి నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. బావ మద్రాసు పక్కన ఆవడిలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆఫీసులో ఎవరిదో ప్రాజెక్టు కోసం రాసే ప్రోగ్రామట. మూడు ఫంక్షన్లు ఒకే గ్రాఫులో గీయాలి, ఎంత చేసినా చివరిది ఒక్కటే కనబడుతోందన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్త గీత గీస్తే పాతది చెరిగిపోతుంది. పాతదాన్ని ఉంచమని ఒక కమాండ్ రాయాలి, అంతే. ఫోన్‌లో చెప్పినా సరిపోయేది. దానికోసం రైలెక్కి వచ్చాడే అని లోలోపల మురిసిపోయాను.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. అమ్మ అల్లుడొచ్చినట్టే వడలు వేసింది. నేను తలలో పూలు పెట్టుకున్నాను. ఈసారి ఒక ఫంక్షన్ విలువలు మరీ పెద్దవి కావడంతో, మిగతా రెండు గీతలూ గ్రాఫు అడుగున అతుక్కుపోయాయి. పెద్దదానికి కుడిపక్కన వేరే స్కేలు పెట్టాను. మూడూ విడివిడిగా, చక్కగా కనబడ్డాయి. గ్రాఫు పైన ఎవరి పేరు రాయాలని అడిగాను.

బావ తలెత్తలేదు. "ఈ ప్రాజెక్టు చేసే పిల్ల పేరు. మా ఆఫీసులో పనిచేస్తా సాయంత్రాలు చదువుకుంటా ఉంది. నేను ఆ పిల్లనే చేసుకోవాలనుకుంటా ఉండాను."

అత్తకు తెలుసా అన్నాను.

"అమ్మకు నేను చెప్పలేను. నువ్వు చెప్తే వింటాది."

వంటింట్లోంచి అమ్మ ఇంకో రెండు వడలు వేయమంటావా అని అడుగుతోంది. "పేరు ఎట్ల రాయాల బావా?" అన్నాను. అతను ఒక్కో అక్షరమే చెబుతుంటే టైపు కొట్టాను.

మర్నాడు కాలేజీ నుంచి తిన్నగా అత్త ఇంటికి వెళ్లాను. ఆ పిల్ల సంగతి చెప్పాలనే వెళ్లాను. నన్ను చూడగానే అత్త కాఫీ కలపడానికి లేచింది. ఆవిడ సంబరం చూశాక, కొడుకే కాదన్నాడని చెప్పబుద్ధి కాలేదు. ఈ పెళ్లి నాకే ఇష్టం లేదని చెప్పేశాను.

అత్త గ్లాసు కింద పెట్టింది. "వాడిలో ఏం కొరత చూసినావమ్మా?"

"ఏమీ లేదత్తా."

రైల్లో ఇల్లు చేరేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నాన్న నాతో చాలారోజులు మాట్లాడలేదు. ఆ పిల్లతో బావ పెళ్లి పెరియపాళయం గుడి దగ్గర జరిగింది. వెళ్లాను, అక్షింతలు వేశాను. పీటల మీంచి నన్ను చూసి నవ్వాడు.

అత్త ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. ముందు కాదన్నది తానేనని ఎప్పటికైనా బావ అత్తకు నిజం చెబుతాడని చాన్నాళ్లు ఎదురుచూశాను. చెప్పలేదు.